ముందు మూడో కథ చదవండి

మొదటి కథ జోలికి పోకండి.
అందులో రాకెట్టుంది, దానికి బొగ్గు వేస్తారు.
అక్కడే నవ్వి మూసేసినవాళ్లని
పర్లాకిమిడిలో నలుగురిని ఎరుగుదును,
ఒకడు మా బావమరిది.

సిగిలిపిల్లి తవిటయ్య
గుణుపురం చిన్నరైలు లైన్లో
పార్సిళ్లు తూచే గుమాస్తా.
తూకం రసీదుల వెనక రాసేవాడట.
అందుకేనేమో, ఏ గ్రహానికైనా
ముందు బరువు చెబుతాడు,
తరవాతే పేరు.

చంద్రుడి మీద దిగినవాడు
ఏం చేస్తాడనుకున్నారు, జెండా పాతుతాడా?
చెప్పులు విప్పి పక్కన పెడతాడు.
ఆ వాక్యం దగ్గరే నేను
గేదెకొమ్ముని సెగ మీద మరిచిపోయాను.
కొంగ మెడ కావలసింది మాడి మసయింది,
కంపు వీధి చివరిదాకా.
నాకింత నష్టం చేసిన రచయిత
మరొకడు లేడు.

తప్పులున్నాయి, దాచను.
ఆడవాళ్లు కథలోకి వచ్చి
టీ పెట్టి వెళ్లిపోతారు.
శుక్రుడి మీద వరి పండిస్తాడు, అదీ రెండు పంటలు.
ఎనభయ్యో పేజీ తరవాత ఎనభైతొమ్మిది.
మధ్యలో ఏం జరిగిందో చెదలకి తెలుసు.

మూడో కథలో
మహేంద్రతనయ ఇసకలోకి
ఆకాశం నించి ఒక పెట్టె దిగుతుంది.
దానికి మన మాట వచ్చు,
మన ఎకసెక్కాలూ వచ్చు,
అక్షరం ఒక్కటి రాదు.
ఊరంతా వంతులేసుకుని చదివి వినిపిస్తారు:
పంచాంగం, భూమి దస్తావేజు,
మందుసీసా మీది కాగితం.
ఆఖర్న ఏమవుతుందో చెప్పను.
చెబితే పుస్తకం పట్టుకెళ్లరు మీరు.

మొన్న మా కొట్లో
కొమ్ముబొమ్మలకి మెరుగు పట్టే కుముదినికిచ్చాను.
తిరగేసింది, బోర్లించింది.
"ఏటి సిన్నాన్నా, నాకు ఒరియా అచ్చరాలే గదా వొచ్చు"
అంది. తెలుగులోనే అంది.

సరే, పైకి చదవడం మొదలెట్టాను.
కాసేపటికి చూస్తే
నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని
నా నోటి మాటలకి తలకట్లు తీసి
ఒరియా గొడుగులు వేసుకుంటోంది.
పెట్టె దిగే చోట
ఆ పిల్ల చెయ్యి ఆగింది.
నేను తలెత్తలేదు,
వేలు పెట్టుకుని తరవాతి లైనుకి వెళ్లిపోయాను.

కాబట్టి ఇప్పుడు తవిటయ్య
రెండు లిపుల్లో దొరుకుతాడు.
ఒకటి చెదలు తిన్నది,
రెండోది ఇంకా పదకొండో పేజీలోనే ఉంది,
కరెంటు పోతే అదీ ముందుకి నడవదు.
ఏది కావాలన్నా పొద్దు వాలాక రండి,
బజారు వెనక, కొమ్ము కాలిన వాసన వేసే కొట్టు.
అరువిస్తాను గానీ
పేజీ చెవి మడవకండి.
చెప్పులు బయట విప్పండి.