అరవై ఓమ్‌లు

స్టీరింగ్ కింద, మోకాలికి తగిలే చోట
పదహారు రంధ్రాల సాకెట్.
గుచ్చాను. స్కానర్ వెలిగింది.
ఒక భాషలో పిలిచింది, ఆగింది,
ఇంకో భాషలో పిలిచింది.
అయిదు భాషలూ అయ్యాక
లింక్ లేదని చేతులెత్తేసింది.

పుదుపేటలో నా మొదటి ఏడాదీ అంతే.
దనశేఖర్ మేస్త్రి పదమూడో నంబరు స్పానర్ కోసం
అరవంలో అరిచేవాడు, ఉర్దూలో అరిచేవాడు,
నేను నాయుడుపేట మొహం వేసుకుని నిలబడేవాణ్ణి.
మొద్దనుకున్నాడు.

వేళచ్చేరిలో వాన సన్నగా పడుతూనే ఉంది.
మంగై అక్క గొడుగు మూయకుండానే షెడ్డులోకొచ్చింది.
డ్రైవింగ్ స్కూలు బండి,
రెండు పక్కలా పెడల్స్, నెత్తిన ఎర్ర ఎల్ బోర్డు.
"కంప్యూటర్ చచ్చిపోయిందా?"
"మాట్లాడ్డం లేదంతే" అన్నాను.
ఆ రెంటికీ తేడా ఉందంటే ఆమెకు నమ్మకం కుదర్లేదు.

పదహారో పిన్నులో పన్నెండున్నర వోల్టులు.
నాలుగులో, అయిదులో ఎర్తుంది.
బ్యాటరీ తీగ ఊడదీసి
ఆరుకీ పద్నాలుగుకీ మధ్య మీటరు పెట్టాను:
నూట ఇరవై.

అరవై ఉండాలి.
ఈ కొసన ఒక నూట ఇరవై, ఆ కొసన ఒక నూట ఇరవై,
ఇద్దరూ ఉంటే కొలత సగమవుతుంది.
ఎందుకని ఇర్ఫాన్ అడిగాడు.
ఒకడి బరువు ఇద్దరు మోస్తే ఎంతవుతుందిరా అన్నాను.
సరైన జవాబు కాదది. వాడికి చాలింది.

కొసన పట్టుకునే వాళ్ళు లేకపోతే
అన్న మాట గోడకి కొట్టిన బంతిలా
తిరిగొచ్చి తర్వాతి మాట మీద పడుతుంది.

సీటు విప్పాం. కార్పెట్ ఎత్తాం.
పోయిన కార్తీకం వరద వాసన
ఇంకా అక్కడే కాపరముంది.
కనెక్టర్ నిండా పచ్చటి చిలుము,
ముట్టుకుంటే తీగ పొడిపొడిగా రాలింది.

కోసి, కొత్త ముక్క అతికి, టేపు చుట్టి చూస్తే
అరవై ఒకటి. చాలు.

ఇక అన్నీ ఒక్కసారే మొదలెట్టాయి.
ఇంజన్ వినపడ్డం లేదని బ్రేకుల కంప్యూటర్,
బ్రేకులు పలకడం లేదని ఇంజన్,
ఇద్దరి మీదా మీటర్ బోర్డు చాడీలు.
మా ఇంటి పంచాయితీలాగుందని ఇర్ఫాన్ నవ్వాడు.

అడుగున ఇంకొకటుంది,
బండి ఆగిపోయిన క్షణాన అది దాచుకున్న లెక్క.
చదివి వినిపించాను.
వేగం పదకొండు.
నీళ్ళ వేడి తొంభై.
క్లచ్: తొక్కి ఉంది.

"మళ్ళీ చదువు" అంది మంగై అక్క.
తొక్కి ఉంది.

సెంబగం అట, యాభై దాటినావిడ,
టిఫిన్ వ్యాను తనే తోలుకోవాలని నేర్చుకుంటోందట.
రైలు వంతెన కింద, వెనక బస్సు హారన్ల మధ్య
తొక్కాను మేడమ్, తొక్కాను అంటూనే ఉందట.
"క్లచ్ తెలీని కాళ్ళకి బండెందుకు అన్నానయ్యా."
మర్నాటి నుంచి ఆవిడ రాలేదు.

గొడుగు ఇప్పుడు మూసింది.
ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

చెరిపేయనా, అవునా కాదా,
స్కానర్ నన్ను అడుగుతోంది.
అవతల ఇంకా రింగవుతోంది.
బొటనవేలు పైకెత్తి ఉంచాను.