ఏడ్చిందా?

తార్నాకలో నా గది ఖాళీ చేస్తున్నాను.
ముప్పై ఒక్క ఏళ్ల కాగితం,
ఇనప బీరువా అడుగున చెదలు తినగా మిగిలింది
నాలుగు అట్టపెట్టెలు.
అటెండర్ యాదయ్య తూకానికి వేసేద్దామంటాడు.
కిలో పన్నెండు రూపాయలట.

ఒక కట్ట మీద నా చేతిరాతే:
రసూల్‌పురా, నాలా పక్క గల్లీలు, తొంభై మూడు.
రబ్బరు బ్యాండు ముట్టుకోగానే పొడైంది.

అప్పుడు నాకు ఇరవై ఆరు.
భుజాన గుడ్డసంచి, అందులో నలభై ప్రశ్నపత్రాలు,
పుట్టిన తేదీలు తెలియని ఇళ్ల కోసం
మేమే అల్లుకున్న ఒక కాలపట్టిక.
స్కైలాబు నెత్తిన పడుతుందని
ఉన్న కోళ్లన్నీ కోసుకు తిన్న ఏడాది
పెద్దోడు కడుపులో ఉన్నాడు.
నాలా ఇంట్లోకొచ్చి బియ్యం డబ్బా తేలిన రాత్రి
రెండోది.
కర్ఫ్యూలో పాలు దొరకనప్పుడు మూడోవాడు.
ఈ ఊరి చరిత్ర నేను
పురిటిమంచాల పక్కన కూర్చునే చదువుకున్నాను.

నర్సుబాయిది రేకుల ఇల్లు.
బీడీల చాట ఒళ్లో పెట్టుకుని
ఆకు కత్తిరిస్తూనే జవాబులు చెప్పింది.
ఎందరు పుట్టారు? నలుగురు.
ఉన్నదెందరు? నలుగురే.
ఇక జోగారావు గారు నేర్పిన ప్రశ్న,
గొంతు తగ్గించి అడగమన్న ప్రశ్న:
"పుట్టి, ఒక్కసారైనా ఏడ్చి, పోయిన బిడ్డ ఎవరైనా ఉన్నారా అమ్మా?"

ఏడిస్తే సజీవ జననం.
ఏడవకపోతే నా పట్టికలో పుట్టనే లేదు.

కత్తెర ఆగింది.
"అది ఏడ్వలే మేడం.
నేనే ఏడ్సిన.
గది యాడ రాస్తవ్?"

'లేదు' చుట్టూ సున్నా చుట్టాను.
పెన్సిలుతో, అంచున ఉన్న ఖాళీలో, చిన్నగా
ఆమె అన్నది అన్నట్టే రాసుకున్నాను.
కత్తెర మళ్లీ ఎప్పుడు కదిలిందో చూడలేదు.
అప్పటికే పక్కింటి తలుపు కొడుతున్నాను.

ఆ అంచు ఏ కంప్యూటరుకూ ఎక్కలేదు.
సున్నాలు ఎక్కాయి.
సున్నాల మీద నా డాక్టరేటు,
ఏడో పట్టిక, దాని కింద నక్షత్రం గుర్తు,
ఢిల్లీ సెమినార్లలో చల్లారిన సమోసా,
రీడరు, ప్రొఫెసరు, హెడ్డు.
ముప్పై నిండకుండానే గర్భసంచి తీయించుకుని
నడుము పట్టుకుని కూలికి పోయే ఆడవాళ్ల మీద
ఎనభై పేజీల నివేదిక తీసుకెళ్తే
ఆఫీసరు చివరి పేజీ తిప్పి
"మొత్తం ఎంత శాతం?" అన్నాడు.
చెప్పాను.
రాసుకున్నాడు.
ఫ్యాను తిరుగుతోంది.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఈ ఎదురు గోడ మీద
ఎర్ర త్రికోణం, ఇద్దరు చాలని.
ఇప్పుడదే గోడ మీద సంతాన సాఫల్య కేంద్రం,
సులభ వాయిదాలు.
మొన్న టీవీలో ఒక కుర్రాడు నన్ను కూర్చోబెట్టి
"జనం తగ్గిపోతున్నారు కదా మేడం,
ఆడవాళ్లు ఇంకా కనాలా?" అని అడిగాడు.
గోడల్ని అడుగు నాయనా అనబోయి
ఒకటి పాయింట్ ఎనిమిది, అన్నాను.
ఆ పాయింట్ ఎనిమిది బిడ్డ
ఎవరింట్లో ఉంటుందో, అన్నం తిందో లేదో
నాకు ఇప్పటికీ తెలీదు.

ఫోన్ మోగింది.
ఉజ్మా, నా దగ్గర ఆఖరి స్కాలరు, జల్‌పల్లి నుంచి.
"మేడం, ట్యాబ్ ముందుకు పోవట్లేదు.
ఉంది, లేదు, ఏదో ఒకటి నొక్కమంటోంది.
ఈమె ఏదీ చెప్పట్లేదు. ఊరికే చూస్తోంది."

పక్కన రాసుకునే చోటుందా, అడిగాను.
లేదంది.

యాదయ్య వచ్చి పెట్టెలు లేపాడు.
కట్ట మాత్రం నా ఒళ్లోనే ఉంది.
"ట్యాబ్ మూసెయ్ ఉజ్మా.
చాయ్ పోస్తే తాగు.
తర్వాతి ఇల్లు రేపు చూసుకోవచ్చు."