ఉప్పు డబ్బా

"గుండె జబ్బున్నోళ్ళు రావొద్దు" అని పోస్టరు మీద రాసినారు.
మార్నింగ్ షోకి అందరికంటే ముందు
రిటైర్డు తలారి తిక్కన్న వచ్చినాడు,
నాలిక కింద మాత్ర పెట్టుకుని.
"నన్ను రావొద్దనేకి వీళ్ళెవురప్పా" అని
టికెట్టు చేతిలో పెట్టినాడు. చింపినా.

ఆదోనిలో ఈ గేటు దగ్గర పంతొమ్మిదేండ్ల కొలువు నాది.
లోపల ఆడేది చూడను,
నల్ల పరదాకు ఇవతల నిలబడి వింటా.
యాడ ఉలిక్కిపడతారో, యాడ దగ్గుతారో,
యాడ కుర్చీలు కిర్రుమంటాయో,
నాకు తెలిసిన సినిమా అంతే.

దీంట్లో ఒకడు ఇండ్లల్లోకి పోతాడు.
మెత్తగా మాట్లాడతాడు. చంపుతాడు.
పోయే ముందు వంటింట్లోకి పోయి
ఉప్పు డబ్బాకు మూత పెట్టి పోతాడు.
ఐదిండ్లు. ఐదు మూతలు.
పాట ఒక్కటీ లేదు.

"పాటల్లేని సినిమాకు సమోసా పోదన్నా,"
ఇంటర్వెల్లులో ఈగలు తోలుకుంటా క్యాంటీను మాబాషా.
జిన్నింగు మిల్లు పిల్లోళ్ళు, మీసాల్లో ఇంకా దూది,
హంతకుడు కనపడినప్పుడల్లా ఈలలేసినారు,
పట్టుకునే పోలీసుకు ఒక్క ఈలా పడలేదు.
మటన్ కొట్టు ఖాసీం బయటికొచ్చి ఉమ్మేసినాడు:
"అది రక్తమా? అంతసేపు ఎర్రగా ఉంటాదా యాడన్నా?
నన్నడిగింటే చెప్తాంటి."
కౌతాళం పక్కనుంచి వచ్చిన పెద్దాయన
చెప్పులేసుకుంటా చానాసేపు వంగే ఉన్నాడు.
"ఏంటికి చంపినాడో చెప్పకనే అయిపోగొట్టినారు.
పగ లేదు, పొలం గట్టు లేదు, మాట పట్టింపు లేదు.
ఇట్లాంటోనితో రాజీకి ఎవుర్ని పంపిస్తాం?"

విలేకరి గిడ్డయ్య పాసు మీద వచ్చి
ఇంటర్వెల్లు అయినాక నిద్రపోయినాడు.
గురక పరదా దాటి నాదాకా వచ్చింది.
లైట్లేసినాక నన్ను పక్కకు పిలిచి
"కడకు ఏమాయె?" అన్నాడు.
విన్నది చెప్పినా.
మర్నాడు పేపర్లో:
ప్రథమార్ధం బిగువుగా సాగింది, ద్వితీయార్ధం తేలిపోయింది,
నేపథ్య సంగీతం నిద్ర పట్టనివ్వదు.
రెండున్నర చుక్కలు.
ఆ అర చుక్క నాదేమో.

ఆదివారం మ్యాట్నీ.
మూడో మూత దగ్గర నేల క్లాసు నవ్వింది, రోజూ మాదిరే.
బాల్కనీలో ఆడోళ్ళ పక్కనుంచి దగ్గు గూడా లేదు.
అప్పుడు ఒకామె మెట్లు దిగి వచ్చింది.
చీరకు మిరప్పొడి మిల్లు ఘాటు.
"అన్నా, ఆ ఉప్పు డబ్బా ఇంకా ఎన్నిసార్లు వస్తాది?"
"రెండుసార్లమ్మా."
"అయిపోయినాక చెప్తావా?"
నా బల్ల మీద కూర్చుంది, పర్సు జిప్పు తీస్తా వేస్తా.
నేను పరదాకు చెవి పెట్టి చెప్పినా:
ఒకటి పోయింది.
చానాసేపటికి, ఇదే కడది, పోయింది.
లేచి కొంగు సర్దుకుని మళ్ళా పైకి పోయింది.

ఆట విడిచినాక గుంపులోనే దిగి
"బాగుంది" అనింది.
రెండడుగులేసి తిరిగి,
"అరిచేటోడయితే పక్కింటోళ్ళకన్నా తెలుస్తాది" అనింది.
పేరు అడగాల్సింటినేమో. ఫస్ట్ షో జనం తోసుకుంటాండారు.

ఆ రాత్రి ఇల్లు చేరేసరికి
ఉరుకుందమ్మ గోడవైపు తిరిగి పండుకోనుంది.
సద్ది కలుపుకుని, ఉప్పేసుకుని,
అలవాటు కొద్దీ మూత పెట్టినా.
టక్కుమనింది.
ఆమె ఊపిరి ఒక్క గడియ ఆగినట్టు వినపడింది.
ఇనేదే నా పని. అయినా
ఈ పొద్దు నా చెవులను నేను నమ్మలేదు.
మూత తీసి పక్కన పెట్టినా, చప్పుడు కాకుండా.

పొద్దున్నే అందుకుంది:
"ఉప్పంతా చెమ్మ పట్టె, చీమలు పట్టె,
మూత పెట్టేకి చేతులు పడిపోయినాయా నీకు?"
వీధి చివర బోరింగు దాకా వినపడినట్టుంది.
అనుకోనీ, ఇంకా గట్టిగా అనుకోనీ.

గురువారం సినిమా ఎత్తేసినారు.
నేను నిచ్చెనెక్కి పోస్టరు పీకుతాంటే
సైకిలాపి ఒక పిల్లోడు అడిగినాడు,
"ఎట్లుండెన్నా సినిమా?"

"నేను చూల్లేదు" అన్నా.