అన్నది

నయీంనగర్ హాస్టల్ల మూడో అంతస్తు,
బట్టలారేసే గదిలనే సిగ్నల్ నిలబడతది.
తడి చున్నీలు పక్కకు జరిపి
బకెట్ బోర్లేసి
దాని మీద లాప్‌టాప్ పెట్టిన.
లాప్‌టాప్ రూమ్మేటుది. గంటకని అడుక్కున్న.

తెరల నా మొఖం చుట్టూ ఒక పచ్చ గీత.
గీత దాటొద్దట.
మీ గురించి చెప్పండి, అన్నది.
తొంభై సెకన్లు. మూలకు అంకెలు దిగుతున్నయ్,
ఎండిన బోరు పైపుల నీళ్లు దగ్గినట్టు
నా ఇంగ్లీషు ఆగి, ఆగి.

కండ్లల్లకు చూసి మాట్లాడాలని కాలేజీల నేర్పిండ్రు.
దానికి కండ్లేవి?
జొన్నగింజంత నల్ల చుక్క.
ఆ చుక్కకు నవ్విన.

అప్పుడే కింద గల్లీల పాత సామాన్ల బండి మైకు.
నా జవాబుల అది కూడా కలిసిపోయింది:
నా బలాలు, నా బలహీనతలు,
పాత కూలర్లు, పగిలిన బకెట్లు
కొంటాం.

రాత్రి రెండు గంటల పద్నాలుగు నిమిషాలకు మెయిలొచ్చింది.
ఆ వేళ నా కోసం ఎవరు మేలుకొని ఉంటరు?
మీ ఆసక్తికి ధన్యవాదాలు. ఈసారికి వీలుపడలేదు.
ఎందుకో లేదు. కింద పేరు లేదు.
దీనికి జవాబు రాయొద్దని మాత్రం ఉన్నది.

పొద్దున కోరుట్ల నుంచి అమ్మ ఫోన్.
"ఏమన్నరు బిడ్డా?"
అన్నరు కాదమ్మా. అన్నది.
"ఆడామెనా?"
కాదు.
"మరి అన్నది అంటివి?"
ఆడదానికి, బర్రెకు, రోలుకు
ఒక్కటే మాట ముడివెట్టిన మన భాష మీద
ఆ పొద్దు నాకు మస్తు కోపమొచ్చింది.
మిషనమ్మా, మిషనే అడుగుతది, మిషనే తీసేస్తది.
కొంచెంసేపు ఫోన్ల కత్తెర చప్పుడే వినొచ్చింది,
తునికాకు మీద.
"మరి ఎవల బతిమిలాడాలె?"

తీసేసుడు అమ్మకు కొత్త కాదు.
కార్ఖానల మునీం లింబాద్రి కట్ట కట్ట విప్పేటోడు.
ఇది వదులు, ఇండ్ల తంబాకు తక్కువ, దీని ఆకు చినిగింది,
వెయ్యికి అరవై ఛాట్ గుంజి పక్కకు పెట్టేటోడు.
పెట్టినయి పారేసేటోడా? అమ్ముకునేటోడు.
దొంగ.
కానీ దొంగకు మొఖముంటది.
ఆ మొఖం ముందట బీడీ పెట్టి అమ్మ అడిగేది:
"ఏడ చినిగింది? చూపియ్యి."
ఇరవై మళ్ల గంపల పడేవి.
ఆయన బిడ్డ పెండ్లి కుదిరిన నాడైతే నలభై.

ఆ ఎండకాలం నేను ఇంటికొచ్చిన. ఇంకో కంపెనీ, ఇంకో లింకు.
నలభై ఎనిమిది గంటల గడువు.
ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించిన.
వెనక ఆకు బస్తా కనవడకుండ దుప్పటి కట్టిన,
ఒక మొల ఊడితే అమ్మనే రాయితోని కొట్టింది.

మీరు ఓడిపోయిన సందర్భం ఒకటి చెప్పండి, అన్నది.
ఏది చెప్పాల్నో ఏరుకుంటున్న.
ఒళ్లోంచి చేట దించి,
చేతుల తంబాకు కొంగుకు తుడుచుకొని
అమ్మ వంగింది,
అడిగేదెవరో ఒక్కసారి చూద్దామని.

పచ్చ గీత ఎర్రగైంది.
రెండో మనిషి ఉన్నదని పట్టుకున్నది.
ఇంటర్వ్యూ ముగిసింది.

అమ్మ ఇంకా వంగే ఉన్నది.
నల్లబడ్డ తెరల మేమిద్దరం, సగం సగం.
నేను తిడుదామనుకున్న.
దుప్పటి ఒక దిక్కు ఊడి వేలాడుతున్నది.

"ఏడ చినిగింది?
నా బిడ్డకు ఏడ చినిగిందో చూపియ్యి"
అన్నది.

ఈసారి అన్నది అమ్మ.