లోపలి నుంచి నీలం

ఫర్వానియాలో మా ఎదురు బిల్డింగుకి తొంభై ఆరు కిటికీలు.
ఎనిమిది అంతస్తులు, అంతస్తుకి పన్నెండు.
ఆరేళ్ళుగా చూస్తున్నాను, లెక్క తప్పలేదు.

ప్రతి కిటికీ కిందా ఒక ఏసీ పెట్టె,
పెట్టె కింద తుప్పునీళ్ళు జారిన చార.
ఏ రెండు చారలూ ఒకేలా ఉండవు.
ఈ సంగతి చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు.
అందుకని గీశాను.

నాకు నోట్లో నాలుక లేదంటారు చుట్టాలు.
చిన్నప్పుడు అద్దంలో చూసుకున్నాను. ఉంది.
గోడలకి చెవులుంటాయంటారు.
వాటి సంగతి తెలీదు కానీ
గోడల్లో పారే కరెంటు నాకు వినబడుతుంది.
కళ్ళలోకి చూసి మాట్లాడమంటారు.
కళ్ళు చాలా గోల చేస్తాయి.
చూడమంటే చూస్తాను, వినమంటే వింటాను,
రెంటిలో ఒకటి అడగండి.

ఏప్రిల్లో ఒక శుక్రవారం, సాల్మియాలో హాలు.
నా బొమ్మలు ఇరవై రెండు, గోడకి.
బ్యానరు మీద ఆటిజం అవగాహన అనే మాట,
పక్కన పజిల్ ముక్క ఒకటి.
ఏ ముక్క పోయిందో నన్నెవరూ అడగలేదు.
నీలం బెలూన్ల రబ్బరు వాసన,
బిర్యానీ పొట్లాల వాసన, అత్తర్లు తొమ్మిది రకాలు.
నెత్తిమీద ట్యూబ్‌లైట్లలో మూడోది
సీసాలో పడ్డ ఈగలా రొద.

ప్రభుదాసు అంకుల్ మైకులో
మా కెజియా దేవుడిచ్చిన వరం అన్నాడు.
ముందు వరసలో ఒకావిడ అయ్యో పాపం అంది.
ఇద్దరి గొంతూ ఒకటే.

నా వంతు వచ్చింది. కాగితం చూసి చదివాను.
ట్యూబ్‌లైట్లు ఆర్పండి.
చప్పట్లు వద్దు.
దగ్గరికెళ్ళి చూడండి.
జోకనుకుని నవ్వారు, చప్పట్లు కొట్టారు.
చెవులు మూసుకున్నాను.
అమ్మ లేచింది. రాత్రి డ్యూటీ బూట్లు
కిర్రు కిర్రుమంటూ గోడదాకా వెళ్ళాయి.
ఒక్కొక్క స్విచ్చూ ఆర్పింది, పన్నెండూ.

మసక.
కిటికీల్లోంచి సముద్రపు వెలుతురు కొంచెం.
మనుషులు గొంతు తగ్గించారు, ఎందుకో వాళ్ళకే తెలీదు.

అప్పుడు ఒకామె టీ కప్పుల పళ్ళెం పట్టుకునే
పదకొండో బొమ్మ ముందు ఆగిపోయింది.
తెల్లవారుజాము మూడింటి బిల్డింగు అది.
తొంభై అయిదు నలుపు.
నాలుగో అంతస్తు, ఎడమ నుంచి ఏడోది మాత్రం వెలుగు,
ఆకుపచ్చ పరదా.

ఇది నాది పాపా, అంది.
నేను పనిచేసే ఇల్లు, నా వంటిల్లు.
పేరు ఓబులమ్మ. పుల్లంపేట దగ్గర.
ఇక్కడ మూడయితే అక్కడ అయిదున్నర,
బిడ్డ చదువుకోను లేచే టయిం.
లైటెయ్యకపోతే ఫోన్లో నా మొగం కనపడదంట దానికి.
నువ్వు యాల మేలుకోనుంటావు?

అప్పుడు ఏసీలు తప్ప ఎవరూ మాట్లాడరు, అన్నాను.
ఆమె చెయ్యి నా భుజం దాకా వచ్చి
అక్కడే, గాల్లో, ఆగిపోయింది.
ముట్టుకోవద్దని ఆమెకెవరూ చెప్పలేదు.

కొంచెంసేపు చూసి, తప్పు గీసినావే, అంది.
నా పరదా ఆకుపచ్చది కాదు. నీలంది.

ఇరవై రెండు బొమ్మలు, రెండువందల మంది.
అందరూ నా గురించి మాట్లాడారు.
బొమ్మ గురించి మాట్లాడింది ఆమె ఒక్కతే.

తప్పు కాదు, అన్నాను.
లోపల పసుపు బల్బు. నీలం మీద పసుపు పడితే
రోడ్డుకి ఇటువైపు ఆకుపచ్చ.
ఆమె ఆలోచించింది. నేను ఆమె చెప్పులు చూశాను.
అయితే ఇన్నాళ్ళూ, అంది మెల్లగా,
బయటికి నేను ఆకుపచ్చగా ఉండానా?

ఎవరో లైట్లు వేసేశారు. మూడోది మళ్ళీ మొదలుపెట్టింది.

ఇంటికొచ్చి బొమ్మ దిద్దలేదు.
వెనక్కి తిప్పి, ఏడో కిటికీ సరిగ్గా ఎక్కడుంటుందో కొలిచి
అక్కడ పెన్సిల్‌తో రాశాను:
లోపలి నుంచి నీలం.