పొలమారిన పడవ

పేన్స్‌విల్ రేవులో
తాళం తిప్పగానే లేస్తుంది,
థ్రాటిల్ తోయగానే పొలమారుతుంది.

ఎవరు తలుచుకుంటున్నారే నిన్ను
అని ఇంజన్ మూత మీద తట్టాను.
మెర్విన్ అయ్యుండాలి,
ట్యాంకులో నిరుటి పెట్రోలు అలాగే ఉంచి
నాకు అమ్మేసినవాడు.

ముందు బ్లోయర్ వెయ్యి, అంది గ్లెనిస్.
వంగి పడవ అడుగున వాసన చూసింది.
ముక్కును మించిన మీటర్ లేదట.

కార్బ్యురేటర్ విప్పితే
ఫ్లోట్ గిన్నెలో తీగపాకం,
గోటికి అంటుకుని వదలదు.
జెట్‌ని ఎండకెత్తి ఒంటికన్నుతో చూసింది.
చీకటి.

రాగితీగలోంచి ఒక్క పోచ.
మధ్యాహ్నం దాటింది, టీ చల్లారింది.
మళ్ళీ ఎత్తి, ఈసారి నాకిచ్చింది:
ఆవగింజలో సగం లేని కంతలో
సరస్సు,
ఒక పెలికాన్‌తో సహా.

సాయంత్రం మెర్విన్‌కి ఫోన్ చేశాను.
"ఇంకా దగ్గుతోందా?" అన్నాడు
హలో అనకముందే.