ఎడమ చెవి

క్రెమ్నిత్సా టంకశాలలో నా బల్ల
ఉత్తరపు కిటికీ పక్కన.
ఇరవై రెండేళ్లుగా అదే బల్ల,
ఒక కాలు పొట్టిదైన అదే స్టూలు.
పళ్లెమంత ప్లాస్టర్ బిళ్ల మీద చెక్కుతాను.
యంత్రం దాన్ని చిక్కించి, చిక్కించి
గుప్పిట్లో దాగేంత చేస్తుంది.
ఆపైన ఉక్కు అచ్చు. ఆపైన దెబ్బ.
ఒక ఔన్సు వెండికి ముఖమొస్తుంది.

ఆ ఏడు నాకిచ్చిన పని లింక్స్ పిల్లి.
మంచులో నడుస్తూ వెనక్కి తిరిగి చూడాలి.
జూలో కంచె బయట ఎనిమిది ఆదివారాలు కూర్చున్నాను,
వేళ్లు కొంకర్లు పోతుంటే, ఫ్లాస్కులో టీ చల్లారిపోతుంటే.
అది ఒక్కసారీ నా వైపు చూడలేదు.
తొమ్మిదో ఆదివారం చూసింది,
నన్ను కాదు, నా చేతిలోని సాసేజ్ రొట్టెని.
ఆ చూపే చెక్కాను.
కరపత్రంలో దాన్ని "అడవి గాంభీర్యం" అని రాశారు.

నాణేలు గొట్టాల్లో వెళ్లాయి, గొట్టానికి ఇరవై.
గొట్టాలు పెట్టెల్లోకి, పెట్టెలు ఇనప్పెట్టెల్లోకి.
కొన్నవాళ్లు మూత తీయరు.
గాలి తగిలితే వెండి నల్లబడుతుంది,
నల్లబడితే బేరంలో నాలుగు యూరోలు తెగుతాయి.
బ్రాటిస్లావాలో ఒక కొట్టువాడు నా ఎదుటే త్రాసులో వేశాడు.
అంకె చూశాడు, పిల్లిని చూడలేదు.
"ముప్పై ఒకటి పాయింట్ ఒకటి," అన్నాడు.
ఔను, సరిగ్గా అంతే.
బరువుకు ధర ఉంది. బొమ్మ కొసరు.

తోక కింద, మంచులో పొడుచుకొచ్చిన గడ్డిపరకల్లా
నా పేరులోని రెండక్షరాలుంటాయి.
మా అమ్మకే భూతద్దం పెట్టి చూపించాల్సి వచ్చింది.
"ఇంత చిన్నగానా, జెల్మీరా," అంది,
నా జీతం చూసినట్టు.

ఆరేళ్ల తర్వాత ఒక ఉత్తరం.
కోషిత్సె నుంచి, గళ్ల కాగితం మీద, పెన్సిలుతో.
"అమ్మా, మీ పిల్లి ఎడమ చెవి కొస చిరిగి ఉంది.
అది అచ్చు తప్పా, పిల్లి తప్పా?
నేను ట్రామ్ నడిపి రిటైరైనవాణ్ణి. తొందరేం లేదు.
ఇట్లు, వెండెలిన్ షోల్టేస్."

లక్షా పదివేల నాణేలు. ఒక్క ప్రశ్న.
జవాబు రాశాను: పిల్లి తప్పే.
కూనగా ఉన్నప్పుడు కంచెలో చిక్కి చిరిగిందట.
బాగుచేయ బుద్ధి కాలేదు.

మే నెలలో ఆయనే వచ్చాడు, మూడు రైళ్లు మారి.
కోటు జేబులోంచి తాళాలు తీశాడు,
చిల్లర తీశాడు, దగ్గుబిళ్ల తీశాడు,
వాటి వెనకాల నా నాణెం.
తాళాలతో పాటా!
అంచు నొక్కుకుపోయింది.
నాలుగు నెలలు ఒక్కో వెంట్రుకా నాటిన బొచ్చు
చదునైపోయింది.
నా రెండక్షరాలూ లేవు.

"మిగతావి ఇంట్లో గొట్టంలో భద్రం,
అవి నా చావు ఖర్చుకి. ఇది చూసుకోడానికి.
చివరి స్టాపులో బండి ఏడు నిమిషాలు ఆగేది.
ఆ ఏడు నిమిషాలూ బొటనవేలితో రుద్దుతూ కూర్చునేవాణ్ణి.
కళ్లు మూసుకున్నా చెవి ఎక్కడుందో తెలుస్తుంది."

కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను.
తాళాలు గీసిన గీతలన్నీ అడ్డదిడ్డంగా కురుస్తున్నాయి.
నాకు చెక్కడం చేతకాని మంచు అది.
నేను నేల మీది మంచే చెక్కాను. పడుతున్న మంచు కాదు.

"అమ్మితే ఎంతొస్తుంది?" అన్నాడు.
"వెండి ధరే. రవ్వంత తక్కువ.
ఆ రవ్వ మీ వేలికంటుకుంది."
నిజంగానే వేలు తిప్పి చూసుకున్నాడు.

ఈ ఏటి పని గుడ్లగూబ.
ఎడమ రెక్కలో ఒక ఈకను
వెంట్రుకవాసి ఎత్తు పెంచాను.
పై అధికారి వచ్చి తడిమి చూశాడు.
"ఇదొకటి పైకి తగులుతోంది," అన్నాడు.
తగులుతుంది, అన్నాను.